విజ్ఞాన వీథి: మట్టిలోని వెండి, సదర్ బజారు త్రాసు

ఈ శీర్షిక పాఠకులలో ఒకరు, మన సంస్థలోనే పనిచేస్తున్న ఒక యువ సహోద్యోగి, ఇటీవల ఒక ప్రశ్న పంపారు. లోహశోధక యంత్రం, అంటే మనమందరం మెటల్ డిటెక్టర్ అని పిలుచుకొనే పరికరం, ఇప్పుడు సామాన్యుడు కొనగలిగే ధరకే లభిస్తున్నది. దానితో బిలాస్‌పూర్ పరిసరాలలోని పాత స్థలాలలో వెదికితే విక్టోరియా రాణి కాలపు వెండి రూపాయలు దొరికే అవకాశం ఎంతవరకు ఉన్నదని ఆయన అడిగారు. ఉత్తరం చివర మరొక వాక్యం చేర్చారు: దొరికినవాటిని సదర్ బజారులో అమ్ముకోవడానికి ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

మొదటి ప్రశ్న భౌతికశాస్త్రానికి, రెండవది చట్టానికి సంబంధించినవి. ఈ రెండింటి నడుమ ఆయన అడగని మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. పాత నాణెం విలువ దానిలోని వెండిలో ఉన్నదా, అది పడి ఉన్న చోటులో ఉన్నదా? నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఈ నెల ఈ మూడింటినీ వరుసగా పరిశీలిద్దాం.

త్రాసు ముందు రూపాయి

సదర్ బజారు వెండి దుకాణాలు మన కుటుంబాలకు కొత్త కావు. కాలి పట్టీలు, మెట్టెలు, పూజకు కుందులు, పసివాడి మొలకు వెండి గొలుసు, ఏది కావాలన్నా రైల్వే కాలనీ తెలుగువారికి దారి అటువైపే. ధనత్రయోదశి వచ్చిందంటే ఆ వీధిలో పాత రూపాయి బిళ్ళలకు ప్రత్యేకమైన గిరాకీ. లక్ష్మీపూజలో రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి పెట్టడం ఈ ప్రాంతపు ఆచారం.

ఛత్తీస్‌గఢ్ గ్రామీణ స్త్రీల ఆభరణాలలో వెండి రూపాయలను గుచ్చి చేసిన హారం ఒకటి కలదు. దానిని రుపియా మాలా అంటారు. మన కాసులపేరుకు అది అక్కచెల్లెలి వరుస. కాసులపేరు బంగారు కాసులతో చేసినది, ఇది వెండి రూపాయలతో చేసినది, అంతే తేడా. బ్యాంకు అన్న మాట ఎరుగని రోజులలో ఆ హారమే ఇల్లాలి ఖాతా. కరవు వస్తే ఒక్కొక్క రూపాయినీ విప్పి గింజలు కొనేవారు. 1896-97లోను, మరల 1899-1900లోను మధ్య పరగణాలను పీడించిన కరవులు బిలాస్‌పూర్ జిల్లాను కూడ వదలలేదు. ఆ సంవత్సరాలలో ఎన్ని మెడలు బోసిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

హిందీ ప్రాంతాలలో వెండి రూపాయికి కల్దార్ అనే పేరు ఉన్నది. కల్ అంటే యంత్రం. సుత్తితో కొట్టి చేసిన పాత నాణెం కాక, యంత్రంతో అచ్చువేసినది, అంచున సన్నని గీతలు కలది కల్దార్. ఆ గీతలు అలంకారానికి పెట్టినవి కావు. అంచు గీకి వెండిపొడి దొంగిలించే వారిని పట్టించే కాపలా అవి. మనవంటి ఇంజనీర్లకు ఆ పేరు నచ్చక మానదు.

రూపాయిలో వెండి ఎంత?

1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలకు ఒకే రూపాయిని ప్రవేశపెట్టినది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. మన ఇళ్ళలో నేటికీ వినిపించే తులం కొలత ఈ రూపాయి బరువే. అర్ధరూపాయి, పావలా, బేడ కూడ అదే మిశ్రమంతో, అదే నిష్పత్తిలో బరువు తగ్గించి చేసినవి. అర్ధరూపాయి 5.83 గ్రాములు, పావలా 2.92 గ్రాములు, బేడ 1.46 గ్రాములు తూగేవి. కనుక నాణెమే తూకపు రాయిగా కూడ ఉపయోగపడేది.

ఈ ఏర్పాటు నూరేళ్ళకు పైగా నిలిచినది కాని సాఫీగా సాగలేదు. 1893 వరకు ఎవరైనా వెండి తీసుకొని పోయి టంకసాలలో రూపాయలుగా మార్పించుకొనే వీలుండేది. ఆ సంవత్సరం ప్రభుత్వం ఆ వెసులుబాటును రద్దు చేసినది. ఫలితంగా రూపాయి విలువ ఒక దారిన, దానిలోని వెండి విలువ మరొక దారిన నడిచాయి. నగల రూపంలో వెండి దాచుకున్న రైతు నష్టపోయాడు. తరువాత మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇది తలక్రిందులైనది. వెండి ధర ఎంతగా పెరిగినదంటే రూపాయిని కరిగిస్తేనే లాభమన్న పరిస్థితి ఏర్పడినది. నాణేల కొరత తీర్చడానికి 1917లో ఒక రూపాయి కాగితం నోటు వచ్చినది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లను కోట్ల సంఖ్యలో కరిగించి ఆ వెండిని భారతదేశపు రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మినది. అనగా మీ ఇంటి భోషాణంలోని 1918 నాటి రూపాయిలో ఒకప్పటి అమెరికా డాలరు దాగి ఉండవచ్చు.

1940లో మరొక మార్పు వచ్చినది. రూపాయిలో వెండి సగానికి తగ్గినది. నూటికి 50 పాళ్ళు వెండి, 40 రాగి, 5 నికెల్, 5 జింకు. బరువు మాత్రం మారలేదు. పాత రూపాయిలో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉండగా, కొత్తదానిలో 5.83 గ్రాములే. 1947 నాటికి ఆ వెండి కూడ పోయి రూపాయి నికెల్ బిళ్ళ అయినది. కాబట్టి రాజు బొమ్మ ఉన్న ప్రతి రూపాయీ ఒకే వెండి కాదు. సంవత్సరం చదవడం ముఖ్యం.

సంవత్సరం చదవడంలోనూ ఒక మెలిక ఉన్నది. 1862 అని ముద్రించిన రూపాయలు ఆ ఒక్క ఏడాదివి కావు. అదే సంవత్సరాన్ని మార్చకుండా 1874 వరకు అచ్చువేస్తూ వచ్చారు. ఇక 1911 నాటి అయిదవ జార్జి రూపాయి కథ వేరు. రాజు ధరించిన హారంలో చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తున్నదని ప్రజలలో అలజడి రేగగా, ప్రభుత్వం ఆ నాణేలను వెనుకకు తీసుకొని, 1912 నుండి తొండం స్పష్టంగా కనబడేలా అచ్చు సవరించినది. అరంగుళం కూడ లేని ఒక బొమ్మ ఒక ప్రభుత్వాన్ని కదిలించినది.

యంత్రం ఎలా వింటుంది?

బొగ్గు నిర్వహణ కేంద్రాలలో పనిచేసినవారికి లోహశోధకం చిరపరిచితమే. కన్వేయర్ బెల్టు మీద బొగ్గుతో పాటు డ్రిల్లు బిట్టో, బోల్టో వస్తే అది క్రషర్‌లో పడకముందే బెల్టును ఆపే పరికరం అదే. రైల్వేస్టేషను ద్వారం దగ్గర మనం దాటి వెళ్ళే చట్రం కూడ దాని బంధువే. సూత్రం 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ.

ఒక తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తును పంపితే చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలో లోహం ఉంటే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. వీటినే మనం ఎడ్డీ కరెంట్లు అని చదువుకున్నాం. ఆ ప్రవాహాలు తమదైన చిన్న క్షేత్రాన్ని తిరిగి పంపుతాయి. రెండవ తీగచుట్ట ఆ జవాబును వింటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలోని తుపాకీగుండును వెదకడానికి గ్రాహంబెల్ ఇటువంటి పరికరాన్నే తెచ్చాడు. పరుపు క్రింది ఉక్కుస్ప్రింగులు అడ్డు తగలడం ఆ ప్రయత్నానికి పెద్ద ఆటంకమైనది. యంత్రం లోహాన్ని వింటుంది కాని మనకు కావలసిన లోహాన్నే వినదు. నేటికీ ఆ చిక్కు పూర్తిగా పోలేదు.

అయితే జవాబు వచ్చే తీరులో తేడాలుంటాయి. సాధారణ ఉష్ణోగ్రత వద్ద లోహాలన్నింటిలో విద్యుత్తును అత్యుత్తమంగా ప్రసరింపజేసేది వెండి. తరువాత రాగి, బంగారం, అల్యూమినియం. వెండిలో సుడి ప్రవాహాలు సులభంగా పుట్టి ఆలస్యంగా ఆరిపోతాయి. అందువల్ల పంపిన తరంగానికీ, వచ్చిన జవాబుకూ నడుమ దశలో కనిపించే తేడా వెండికి ఒక విధంగా, ఇనుముకు మరొక విధంగా ఉంటుంది. మంచి యంత్రం ఈ తేడాను అంకె రూపంలో చూపుతుంది. రూపాయి వంటి దళసరి వెండిబిళ్ళ ఆ కొలబద్దలో పై చివర నిలుస్తుంది. కాని పెద్ద రాగి ముక్క, నలిగిన అల్యూమినియం డబ్బా కూడ దాదాపు అక్కడే నిలుస్తాయి. ఆశకు, నిరాశకు యంత్రంలో మోగే గంట ఒక్కటే.

లోతు సంగతి మరింత ముఖ్యం. యంత్రం పంపే క్షేత్రం దూరంతో పాటు సుమారు ఘనం చొప్పున బలహీనపడుతుంది. నాణెం తిరిగి పంపే జవాబు కూడ అదే లెక్కన తగ్గుతుంది. రెండూ కలిస్తే దూరపు ఆరవ ఘాతం. అనగా నాణెం రెట్టింపు లోతులో ఉంటే సంకేతం అరవై నాలుగవ వంతుకు పడిపోతుంది. చేతితో పట్టుకొనే సాధారణ యంత్రానికి ఒక్క నాణెం జానెడు లోతులోనో, అనుకూలమైన నేలలో మరికొంచెం క్రిందనో మాత్రమే తెలుస్తుంది. పది మీటర్ల లోతున ఉన్న బంగారాన్ని ఇంటి ముంగిట నిలబడి చూపిస్తామని ప్రకటించే యంత్రాలు ఈ ఆరవ ఘాతాన్ని జయించలేవు. అవి జయించేది కొనుగోలుదారు ఆశను మాత్రమే. తెలుగునాట రైస్ పుల్లింగ్ పేరుతో, బియ్యపు గింజలను లాగే మహిమ గల నాణెమని చెప్పి సాగే మోసాలూ ఈ కోవకే చెందుతాయి. ఏ నాణెమూ బియ్యాన్ని లాగదు. లాగితే దాని వెనుక మనిషి చేయి ఉంటుంది.

మన నేల సంగతి

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: నల్లనిది కన్హార్, పసుపు వన్నెది మటాసీ, రెండింటి నడిమిది డోర్సా, ఎర్రని గులకరాతి నేల భాటా. ఈ భాటా నేలలో ఇనుప ఆక్సైడులు మెండు. అటువంటి నేల తానే యంత్రానికి జవాబు చెప్పి నాణెం స్వరాన్ని ముంచివేస్తుంది. ప్రతిచోటా యంత్రాన్ని ఆ నేలకు తగినట్లు సరిచేసుకోక తప్పదు.

పాత రైల్వే స్థలాల విషయం మరీ క్లిష్టం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడిన నాటినుండి ఈ నేల మీద ఎన్ని మేకులు, బోల్టులు, రేకు ముక్కలు, ఇంజను బూడిద రాలాయో లెక్కలేదు. యంత్రం ప్రతి అడుగుకూ మోగుతుంది. అన్నింటినీ మించి అది అనుమతి లేనివారు అడుగుపెట్టరాని భూమి. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అక్రమ ప్రవేశం శిక్షార్హం. కనుక మన మిత్రుని మొదటి ప్రశ్నకు సమాధానం ఇది: వెండి రూపాయిని యంత్రం గుర్తించగలదు, కాని వెదకదలచిన చోట్లలో అధికభాగం వెదకరానివి, మిగిలినవాటిలో అధికభాగం మేకులు.

చోటు చెప్పే కథ

ఇక అసలు ప్రశ్న. యంత్రాలతో నాణేలు వెదకడం విస్తృతమైన వ్యాపకంగా ఉన్న దేశం బ్రిటన్. అక్కడ 1992 నవంబరులో హాక్స్‌న్ అనే గ్రామంలో ఒక రైతు పొలంలో సుత్తి పారవేసుకున్నాడు. దానిని వెదకిపెట్టమని ఎరిక్ లాస్ అనే మిత్రుని కోరాడు. లాస్ యంత్రానికి సుత్తికి ముందు రోమన్ నాణేలు తగిలాయి. కొన్నింటిని తీసిన తరువాత ఆయన త్రవ్వకం ఆపివేసి అధికారులకు కబురు పంపాడు. మరునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి ఆ నిధిని పొరలు పొరలుగా వెలికితీశారు. మొత్తం 14,865 నాణేలు, వాటిలో 14,272 వెండివి. చేయి ఆపినందువల్ల నాణేలతో పాటు మరొకటి కూడ దక్కినది. ఆ సొత్తును ఉంచిన చెక్కపెట్టె ఆనవాళ్ళు, వస్తువులకు చుట్టిన గుడ్డ, గడ్డి జాడలు, ఏది ఏ అరలో ఉన్నదన్న క్రమం దొరికాయి. ఆతురతతో గోనెలో వేసుకొని ఉంటే వెండి మిగిలేది, కథ మిగిలేది కాదు. చివరికి సుత్తి కూడ దొరికినది. అది కూడ నాణేలతో పాటు బ్రిటిష్ మ్యూజియం చేరినది.

అంత దూరం పోనక్కరలేదు. మన ప్రాంతంలోనే మహానది ఒడ్డున బాల్‌పూర్ అనే గ్రామమున్నది. మహాకోసల చరిత్ర పరిశోధనకు జీవితాన్ని అంకితం చేసిన కవి లోచన్ ప్రసాద్ పాండేయ స్వగ్రామమది. అక్కడ ఒక రాగి నాణెం దొరికినది. దానిపై ఆపీలకుడనే రాజు పేరు ఉన్నది. పురాణాలలోని ఆంధ్ర రాజుల జాబితాలో ఆ పేరు కనిపిస్తుంది కాని, అటువంటి రాజు నిజంగా ఉన్నాడనడానికి ఈ నాణెమే సాక్ష్యం చెప్పినది. తూకానికి వేస్తే ఆ రాగికి వచ్చేదెంత? కాని తెలుగువారి తొలి రాజవంశంగా మనం చెప్పుకొనే శాతవాహనుల పేరు మహానది తీరాన వినిపించినదంటే, అది ఆ బిళ్ళ వల్ల, అంతకు మించి అది దొరికిన చోటు పేరు నిలిచి ఉండడం వల్ల.

తెలంగాణలోని కోటిలింగాల ఇంతకన్న గొప్ప ఉదాహరణ. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఆ గ్రామంలో వానలకు నేల కోసుకుపోయినప్పుడల్లా నాణేలు పైకి తేలేవి. గ్రామస్థులకు దొరికినవాటిని ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఓపికతో సేకరించి, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. అందులో చిముక అనే పేరు గల నాణేలు కనిపించాయి. శాతవాహన వంశ స్థాపకుడైన శ్రీముఖుడే ఆ చిముకుడని పండితులు గుర్తించారు. ఆ వంశపు తొలి అడుగులు గోదావరి లోయలో పడ్డాయన్న వాదానికి అంతటి బలం చేకూరినది. అవి ఎక్కడివో తెలియని నాణేలుగా ఏ అంగడికో చేరి ఉంటే ఆ వాదానికి కాలు నిలిచేది కాదు.

వెండి విషయానికే వస్తే, అమరావతి వద్ద దొరికిన నిధిలో 7 వేలకు పైగా వెండి విద్ధాంక నాణేలున్నాయి. సూర్యుడు, చెట్టు, ఏనుగు వంటి గుర్తులను వేరువేరుగా కొట్టి చేసిన ఈ నాణేలు మన దేశపు అత్యంత ప్రాచీన ద్రవ్యం. పరమేశ్వరీలాల్ గుప్తా వాటిని పరిశీలించి వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించినది. నిధి చెదరకుండా చేతికి వచ్చినందువల్లనే ఆ పరిశీలన సాధ్యమైనది. ఏ గుర్తులు ఎక్కువ అరిగినవి, ఏవి కొత్తవి, ఏవి ఏ గుర్తులతో కలిసి ఉన్నవి అన్న లెక్క మొత్తం నిధి ఒకచోట ఉంటేనే తేలుతుంది. పంచుకున్న నిధి చించిన పుస్తకం వంటిది.

బిలాస్‌పూర్‌కు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మల్హార్ ఇటువంటి పుస్తకమే. 1975 నుండి 1978 వరకు సాగర్ విశ్వవిద్యాలయం తరపున కె.డి. బాజ్‌పేయి నాయకత్వంలో అక్కడ త్రవ్వకాలు జరిగాయి. అక్కడి మట్టిపొరలలో అనేక శతాబ్దాల జనజీవనం ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నది. అటువంటి చోట యంత్రం మోగిందని గునపం వేస్తే పైపొరలోని వస్తువు క్రిందికి, క్రిందిపొరలోనిది పైకి పోతుంది. తరువాత ఏ శాస్త్రజ్ఞుడూ ఆ పుటను చదవలేడు.

ఈ నష్టం ఎంత సులభంగా జరుగుతుందో తెలిపే సంఘటన ఒకటి ఈ ప్రాంతంలోనే జరిగినది. 1921లో నాటి బిలాస్‌పూర్ జిల్లాలోని కిరారీ గ్రామంలో ఒక చెరువు ఎండగా అడుగున ఒక కొయ్యస్తంభం బయటపడినది. దానిమీద శాతవాహన కాలపు అక్షరాలున్నాయి. నీటి అడుగున దాదాపు రెండు వేల సంవత్సరాలు చెక్కుచెదరని ఆ కొయ్య ఎండ తగలగానే పగిలి, అక్షరాలు పెళ్ళలుగా రాలిపోయాయి. గ్రామంలోని ఒక పండితుడు తనకు అర్థం కాకపోయినా చూచినది చూచినట్లు వ్రాసి పెట్టుకున్నాడు. ఆ శాసనంలో నేడు మనం చదవగలుగుతున్నది అధికభాగం ఆయన చేతివ్రాత పుణ్యమే.

చట్టం ఏమంటున్నది?

మన మిత్రుని రెండవ ప్రశ్నకు ఇక సమాధానం. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, ఏపాటి విలువ గల వస్తువైనా నిధియే; దాని విలువ పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలియజేయవలసినదే. 1878లో పది రూపాయలంటే పది తులాల వెండి. నేడు ఒక్క వెండి రూపాయికే ఆ పరిమితి దాటిపోతుంది. కనుక ఒక్క బిళ్ళే కదా అని తేలికగా తీసుకొనడానికి లేదు.

దొరికినవాడు ఏమి దొరికినది, ఎక్కడ, ఏ తేదీన అన్న వివరాలతో కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. సొత్తును సమీప ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన చేసి హక్కుదారులను పిలుస్తారు. ఎవరూ యజమానిగా నిరూపించుకోలేకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మూడు వంతులు కనుగొన్నవానికి, ఒక వంతు భూమి యజమానికి చెందుతుంది. ప్రభుత్వం ఆ సొత్తును తానే ఉంచుకోదలిస్తే లోహపు విలువకు అయిదవ వంతు అదనంగా కలిపి చెల్లించాలి. తెలియజేయకుండా దాచితే కనుగొన్నవాని వాటా పోతుంది. ఏడాది వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. నిజాయితీపరునికి ఇంత వాటా ఇస్తున్న చట్టాన్ని తప్పించుకొని, దొంగచాటుగా త్రాసు ముందు నిలబడడంలో లాభం కూడ లేదు.

రక్షిత పురావస్తు ప్రదేశాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. అక్కడ అనుమతి లేని త్రవ్వకం నేరం. నూరేళ్ళు నిండిన నాణెం 1972 నాటి చట్టం దృష్టిలో పురావస్తువు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. విదేశాలకు పంపడం నిషిద్ధం. వంశపారంపర్యంగా వచ్చిన నాణేలను ఇంట్లో ఉంచుకొనడానికి మాత్రం ఈ చట్టం అడ్డు రాదు.

పునాది త్రవ్వుతున్నప్పుడో, పెరట్లో మొక్క నాటుతున్నప్పుడో అనుకోకుండా కుండ తగిలితే చేయవలసినది ఇంతే. పని ఆపాలి. ఉన్నది ఉన్నట్లు ఫోటో తీయాలి. ఎంత లోతున, గోడకు ఎంత దూరాన ఉన్నదో టేపుతో కొలిచి వ్రాయాలి. కుండ పెంకును కూడ పారవేయరాదు. నాణేలను చింతపండుతోను, బూడిదతోను తోమరాదు. మట్టిలో ఉన్న వెండి మీద క్లోరైడు పొర పట్టి ఉంటుంది, దానిని రుద్దితే అక్షరాలు కూడ పోతాయి. తరువాత కలెక్టరు కార్యాలయానికి తెలియజేయాలి. డ్రాయింగు లేకుండా యంత్రభాగం విప్పరాదని మనం శిక్షణార్థులకు చెబుతాము కదా, ఇదీ ఆ నియమమే.

ఇంట్లో ఉన్న నిధి

భూమిని త్రవ్వకుండానే మన కుటుంబాలలో చాలామందికి వెండి రూపాయలు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుండి రైలు పనులకు వచ్చి ఇక్కడ స్థిరపడిన వారి సంతతి మన కాలనీలలో ఎందరో ఉన్నారు. విజయనగరం నుండి రాయ్‌పూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయిన తరువాత ఆ రాకపోకలు మరింత పెరిగాయి. నాటి జీతం వెండి రూపాయలలోనే చేతికి వచ్చేది. అందులో ఒకటి రెండు పసుపు గుడ్డలో చుట్టి దేవుని పెట్టెలో ఉంచినవి ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉన్నాయి.

అవి అసలువా కావా అని తెలుసుకోవాలంటే వంటింట్లోనే పరీక్షించవచ్చు. గ్రాములో నూరవ వంతు చూపే చిన్న త్రాసు కావాలి. ముందు నాణేన్ని తూచాలి. తరువాత గ్లాసులో నీరు పోసి త్రాసుపై ఉంచి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు, అంచుకు తగలకుండా నీటిలో వేలాడదీయాలి. ఇప్పుడు త్రాసు చూపే అంకె నాణెం పరిమాణానికి సమానం. బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 1940కి ముందటి రూపాయికి అది సుమారు 10.3 రావాలి. త్రాసు అంకె 1.13 దగ్గర నిలుస్తుంది. సగం వెండి రూపాయికి సాంద్రత 9.5, త్రాసు అంకె 1.22. తొమ్మిదికి లోపు వస్తే అది ఇత్తడికో, జర్మన్ సిల్వర్‌కో వెండి పూత పూసినదని అనుమానించవచ్చు. కొక్కెం అతికిన నాణెమైతే ఆ లోహం వల్ల కొంచెం తేడా వస్తుంది. పిల్లలతో కలిసి చేయదగిన ప్రయోగమిది. ఆర్కిమిడీస్ పాఠం వారికి మరువరానిదవుతుంది.

ఏదో అవసరానికి ఇంటి నాణేలను అమ్మవలసి వస్తే అందులో తప్పేమీ లేదు. కష్టకాలానికి ఉపయోగపడాలనే పెద్దలు దాచారు. కాని సదర్ బజారు త్రాసు న్యాయమైనదే అయినా, దానికి తెలిసినది బరువు ఒక్కటే. 1939 నాటి రూపాయి నాణెముల సేకర్తలకు అపురూపం. త్రాసు మీద అది కూడ పదకొండున్నర గ్రాముల వెండియే. మూసలో పడిన తరువాత తాత మొదటి జీతమూ, అమ్మమ్మ పుట్టింటివారు పెట్టిన రూపాయీ ఒకే ముద్ద అవుతాయి.

కనుక పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం ఇంట్లోని పాత నాణేలను బయటకు తీసి, ఒక్కొక్కదానికి ఒక చిన్న కాగితం పొట్లం కట్టండి. పొట్లం మీద సంవత్సరం, బరువు, అది ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, ఏ సందర్భంలో వచ్చినది అని ఇంట్లో పెద్దవారిని అడిగి వ్రాయండి. వారు చెప్పగలిగి ఉన్నప్పుడే అడగాలి. కిరారీ పండితుడు చేసినది అంతకన్న ఎక్కువేమీ కాదు. కలం, కాగితం, కొంచెం తొందర ఆయనను కాపాడాయి, మనకూ అవే చాలు.

యంత్రం కొనదలచిన మిత్రునికి కూడ ఒక మాట. కొనండి, సంతోషమే. సొంత పెరట్లో పారవేసుకున్న తాళంచెవినో, ఇంటిల్లాలి ఉంగరాన్నో వెదకడానికి అది మంచి సాధనం. సుడి ప్రవాహాలను ప్రత్యక్షంగా వినడం ఇంజనీరుకు ఆనందమే. అది ఎప్పుడైనా వెండి స్వరంతో మోగితే మాత్రం గునపానికి ముందు టేపును, కలాన్ని అందుకోండి. వచ్చే సంచికలో నీటిపంపుల పొదుపు గురించి ముచ్చటించుకుందాం.